నాలుగో సర్వర్

"దింపండి," అంది ఆమె.

గుడ్ మార్నింగ్ లేదు, మీరెవరని అడగడం లేదు. భుజాన నిచ్చెన, చేతిలో కేబుల్ పెట్టెతో గుమ్మంలో నిలబడి ఆమె అన్న మొదటి మాట అదే.

అతను వెనక్కి తిరిగాడు. ఏడింటికే వచ్చి, ఎవరూ రాకముందే మూడు సర్వర్లు రాక్‌లోకి ఎక్కించేసిన ఉత్సాహంలో ఉన్నాడు. మెచ్చుకోలు కోసం ముందే సిద్ధం చేసి పెట్టుకున్న మొహం.

"ఏది దింపాలి?"

"మూడూ."

"ఎందుకండీ? బాగానే కూర్చున్నాయిగా!"

ఆమె నిచ్చెన గోడకి ఆనించి వచ్చి, పైనున్న సర్వర్‌ని పట్టాల మీద జానెడు ముందుకి లాగింది. అంతే, మనిషంత ఎత్తున్న ఇనుప రాక్ మొత్తం ముందుకి ఒరిగింది. అతను గబుక్కున దూకి దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"దీన్ని ఇంకా నేలకి బిగించలేదు," అంది ఆమె, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా. "బరువైనవి కింద, తేలికైనవి పైన ఉండాలి. మీరు అన్నిటికన్నా బరువైనదాన్ని భుజం ఎత్తులో పెట్టారు."

"అక్కడైతే వంగక్కర్లేదని..."

"మీరు వంగకపోతే రాక్ వంగుతుంది."

అతను రాక్‌ని కావలించుకునే ఉన్నాడు, వదిలితే ఏమవుతుందో తెలియక. ఆమె సర్వర్‌ని లోపలికి తోసి, "ఇక వదలొచ్చు," అంది.

అది ఒక పెద్దాసుపత్రి. కింది అంతస్తులో తేమ ఎక్కువై, కంప్యూటర్ల గదిని రెండో అంతస్తుకి మారుస్తున్నారు. గురువారం మొదలుపెట్టి ఆదివారం ఉదయానికి ల్యాబ్, వార్డులు, మందుల గది అన్నీ కొత్త రాక్ మీద నడవాలి. అతను సర్వర్లు అమ్మిన కంపెనీ ఇంజినీరు. ఆమె కేబుళ్లు వేసే కంపెనీ టెక్నీషియన్. ఆఫీసులో ఆమెని కొలబద్ద అంటారు. వెనకాల మొదలైన ఆ పేరు కొన్నాళ్లకి ఎదుటే పిలిచేదాకా వచ్చింది. ఆమె కాదనలేదు. ఎనిమిదేళ్లలో ఆమె వేసిన కేబుల్ ఒక్కటీ తప్పుచోటికి వెళ్లలేదు కాబట్టి, ఆ పేరు ఆమెకి బిరుదులాగే అనిపించేది.

సర్వర్లు దింపడానికి ఇద్దరు కావాలి. చెరో పక్కా పట్టుకున్నారు.

"ఒకటి, రెండు... ఆగండి," అన్నాడతను. "మూడు అనగానే ఎత్తాలా, మూడు అన్నాక ఎత్తాలా?"

"రెండింటికీ తేడా ఏముంది?"

"అర సెకను. అర సెకను తేడా వస్తే బరువంతా ఒకళ్ల మీదే పడుతుంది."

ఆమె మొదటిసారి అతని వైపు సరిగ్గా చూసింది. అది ఆమె ఆలోచించాల్సిన విషయం. అతను ముందు ఆలోచించాడు. "అనగానే," అంది.

శుక్రవారం ఆమె రాక్ వెనక, అతను ముందు. ఆ గదికి కిటికీ లేదు. బయట రెండు రోజులుగా వాన పడుతోందన్న సంగతి వాళ్లకి వచ్చేపోయేవాళ్ల తడి బూట్ల వల్లనే తెలిసేది. చలవ యంత్రం హోరులో ఇద్దరూ కాస్త గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చేది.

మధ్యాహ్నం వార్డుల బాధ్యత చూసే పెద్ద సిస్టర్ వచ్చి, రాక్‌ని పైనుంచి కిందిదాకా చూసింది.

"పోయిన నెల కింద పాతది ఆరుగంటలు ఆగింది," అంది. "ల్యాబ్ రిపోర్టులు చేత్తో రాసుకుని మెట్లెక్కాం, దిగాం. ఒక పేషెంటుకి రక్తం గ్రూపు తెలిసేసరికి నా ప్రాణం పోయి వచ్చింది. ఈసారి ఆగిందంటే మీ ఇద్దరిచేతా మెట్లెక్కిస్తాను, చెప్తున్నా."

"ఆగదు," అంది ఆమె.

"అంత నమ్మకమేంటమ్మా?"

"ప్రతి సర్వర్‌కీ రెండు కరెంటు తీగలు. ఒకటి ఎడమవైపున్న ప్లగ్గుల స్ట్రిప్‌కి, రెండోది కుడివైపు స్ట్రిప్‌కి. ఒకవైపు కరెంటు పోయినా రెండోవైపు నడిపిస్తుంది."

సిస్టర్ సగం నమ్మి వెళ్లిపోయింది. ఆమె కరెంటు తీగలు పెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో సర్వర్లు లేని ఖాళీలోంచి అతని ఒక కన్ను, సగం చెవి కనిపిస్తున్నాయి.

"మీకు ఈ పని ఎవరు నేర్పారండీ?" అడిగింది ఆ కన్ను.

"మా నాన్న. ఫోన్ల కంపెనీలో ముప్పై ఏళ్లు తీగలు కలిపారు. నాకు జడ వేసింది కూడా ఆయనే, అమ్మ పోయాక. తీగలు పేనినట్టే వేసేవారు. బడిలో పిల్లలు నవ్వేవాళ్లు."

"మీరేం చేసేవారు?"

"ఏం చెయ్యను? సాయంత్రానికి వాళ్ల జడలన్నీ ఊడిపోయేవి. నాది ఊడేది కాదు."

అటువైపు నుంచి పెద్దగా నవ్వు వినిపించింది. ఆమె కూడా నవ్వింది. ఈ విషయం ఆమె అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పిందో ఆలోచించుకుంటూ చేతిలో ఉన్న తీగని స్ట్రిప్‌లో పెట్టి, తర్వాతి సర్వర్‌కి వెళ్లింది.

శనివారం పొద్దున పరీక్ష. ఆసుపత్రి మేనేజర్, పెద్ద సిస్టర్ వచ్చి నిలబడ్డారు. "ఎడమవైపు ఆపుతున్నాను," అని ఆమె స్విచ్ నొక్కింది.

ఏడు సర్వర్లు వెలుగుతూనే ఉన్నాయి. కింది నుంచి నాలుగోది, ల్యాబ్‌ది, ఆరిపోయింది.

అందరూ ఒక్క క్షణం దాన్నే చూశారు. ఆమె రాక్ వెనక్కి వెళ్లింది. నాలుగో సర్వర్ తీగలు రెండూ ఎడమ స్ట్రిప్‌లోనే ఉన్నాయి. పక్కపక్కనే, పొందికగా.

జడ కబురు, నవ్వు, ఖాళీలోంచి కనిపించిన కన్ను. ఏ నిమిషంలో జరిగిందో కూడా ఆమెకి తెలిసిపోయింది.

"రేపు పేషెంట్లు ఉండగా ఇలా జరిగితే ఏంటి గతి?" మేనేజర్ గొంతు లేచింది. "ఎవరి పని ఇది?"

"నాదే సార్," అన్నాడు అతను, గుక్క తిప్పుకోకుండా. "ఆ తీగలు నేనే పెట్టాను. తొందరలో చూసుకోలేదు."

ఆమె రాక్ వెనక నుంచి బయటికి వచ్చింది. "కాదు సార్. వెనకవైపు పనంతా నాది. పెట్టింది నేను."

"లేదు సార్, ఆవిడకి తెలీదు, నేను..."

"ఎవరో ఒకళ్లు నోరు ముయ్యండి!" మేనేజర్ తల పట్టుకున్నాడు. "తప్పు నాది కాదని దెబ్బలాడుకునేవాళ్లని చూశాను గానీ, నాదంటే నాదని దెబ్బలాడుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా. ఇంతకీ ఎవర్ని పంపించేయాలి?"

"నన్ను," అంది ఆమె.

పరీక్ష పెట్టేదే తప్పు బయటపడటానికి కదా అని సిస్టర్ ఏదో అనబోయింది. మేనేజర్ వినలేదు. రేపు ఈ అమ్మాయి రానక్కర్లేదు, ఇంజినీరు ఒక్కడే చూసుకుంటాడు అనేశాడు. ఆమె ఆ రెండు తీగల్లో ఒకదాన్ని తీసి కుడి స్ట్రిప్‌లో పెట్టింది, మిగిలినవన్నీ మరోసారి చూసింది, సంచి సర్దుకుంది.

వరండాలో అతను వెనకే పరుగెత్తుకొచ్చాడు. "ఆగండి, ఒక్క మాట."

ఆమె ఆగింది. "నా తప్పు మీకెవరిచ్చారు?"

"అంటే... ఎనిమిదేళ్లలో ఒక్క తప్పూ లేదని మీ ఆఫీసువాళ్లు చెప్పారు. నావల్ల అది పోవడం ఇష్టంలేక..."

"పోతే పోతుంది. అది నాది. మీరు అబద్ధం చెప్పి నిలబెడితే, రేపట్నుంచి నన్ను నేను ఎలా నమ్ముకోవాలి?"

"సర్వర్ ఇద్దరం కలిసే ఎత్తాం కదండీ. ఇది కూడా అలాగే అనుకున్నాను."

"సర్వర్ ఎత్తేముందు నన్నడిగారు," అంది ఆమె. "ఇప్పుడు అడగలేదు."

ఆమె బయటికి నడిచింది. గురువారం నుంచి కురుస్తున్న వానని తీరిగ్గా చూడటం అప్పుడే. గొడుగు తెచ్చుకోలేదని గేటు దాటాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లలేదు.

ఆదివారం ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. చేతులు తడిగా ఉండటంతో మోచేత్తో స్పీకర్ నొక్కింది. బల్ల దగ్గర వాళ్ల నాన్న పేపరు చదువుతున్నాడు.

"ఈసారి అడిగే చేస్తున్నానండీ," అంది అతని గొంతు. "ఆసుపత్రి పనంతా కొత్త రాక్ మీదికి మార్చే ముందు తీగలన్నీ మళ్లీ చూద్దామనుకుంటున్నాను. నేను లేబుల్ చదువుతాను, మీరు అవునో కాదో చెప్పండి. వీలవుతుందా?"

ఆమె చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. "చదవండి."

ఎనిమిది సర్వర్లు, పదహారు కరెంటు తీగలు, ఆ తర్వాత నెట్‌వర్క్ కేబుళ్లు. అతను ఒక్కొక్కటీ పట్టుకుని రెండు కొసలూ చదివాడు. ఎక్కడా తొందరపడలేదు. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

పదింటికి ఫోన్‌లోనే మేనేజర్ గొంతు, స్విచ్ చప్పుడు వినిపించాయి.

"అన్నీ వెలుగుతున్నాయి," అన్నాడు అతను మెల్లగా. కాసేపటికి పెద్ద సిస్టర్ కేక: "ల్యాబ్ రిపోర్టు వచ్చేసింది! మెట్లు ఎక్కక్కర్లేదు! ఆ అమ్మాయేదీ? ఇవాళ పిలవలేదా?" మేనేజర్ దగ్గు వినిపించింది.

ఆమె ఫోన్ పెట్టేసి, మిగిలిన గిన్నెలు కడిగింది. మనసు తేలికపడింది. దానితో పాటు, ఇక ఆ గదికి వెళ్లే పని లేదన్న సంగతి కూడా తెలిసింది. అది తేలిగ్గా లేదు.

పావుగంటకి మళ్లీ ఫోన్. "మీ నిచ్చెన ఇక్కడే ఉందండీ."

"ఉండనివ్వండి. రేపు మా ఆఫీసువాళ్లు తెచ్చుకుంటారు."

ఇంకో పావుగంటకి: "ఈ గది తలుపు తాళం..."

"సెక్యూరిటీకి ఇవ్వాలి. అది గోడమీదే రాసుందండీ."

ఇంకోసారి: "ఒక నీలం కేబుల్ మిగిలిపోయింది. ఎటు పెట్టాలో తెలీట్లేదు."

"ఎంత పొడవుంది?"

"కొలవలేదు."

"అక్కడ మిగిలిన కేబుల్ ఏదీ ఉండదు. నేను లెక్కపెట్టే తెచ్చాను."

నాన్న కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఎవరమ్మా ఇతను? తెలీక అడుగుతున్నాడా, తెలిసే అడుగుతున్నాడా?"

ప్రతిసారీ స్పీకరే నొక్కుతున్నానని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఆపేలోపే నాన్న ఫోన్ దగ్గరికి వంగాడు. "బాబూ, నేను వాళ్ల నాన్నని. ముప్పై ఏళ్లు కేబుళ్లతోనే బతికాను. లేని కేబుల్ గురించి ఇంతసేపు మాట్లాడినవాణ్ణి చూడలేదు. ఓసారి ఇంటికి రా, మొహం చూస్తాను."

"నాన్నా!"

"అడ్రస్ చెప్పండి," అంది ఫోన్.

అరగంట తిరక్కుండానే గుమ్మంలో నిలబడ్డాడు. తల నుంచి కాలిదాకా తడిసిపోయి ఉన్నాడు. చేతులు ఖాళీ.

"కేబుల్ ఏది?" అంది ఆమె.

"లేదు."

"మరి?"

"అబద్ధం చెప్పాను. మీతో మాట్లాడటానికి ఇంకేం మిగల్లేదు. తాళం గురించి కూడా అడిగేశాను." గొంతు సవరించుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. నిన్న మీ తప్పు లాక్కోవడం పొరపాటే. ఇంకెప్పుడూ అడక్కుండా మీది ఏదీ ముట్టుకోను."

"నా తప్పులు నాకే ఉంచాలి."

"ఉంచుతాను. మరి నావో?"

"మీవి చాలా ఉన్నాయి. ఒక్కళ్లు మోయలేరు. ఇద్దరు కావాలి," అంది ఆమె.

అతనికి ఆ మాట తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక, గుమ్మంలో నీళ్లు కారుతుండగా, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. లోపలి నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఇందాకటి మాట మా నాన్నగారికి కూడా చెప్పండి," అంది ఆమె. "గట్టిగా చెప్పాలి. ఆయనకి సరిగ్గా వినబడదు."

"ఫోన్‌లో బాగానే విన్నారే?"

"ఫోన్‌లో వినబడుతుంది. ఎదురుగా వినబడదు."

అతను చొక్కా అంచు పిండుకుని, ఊపిరి పీల్చుకుని, గొంతెత్తాడు. "మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టమండీ!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింట్లో ఎవరో టీవీ తగ్గించారు. నాన్న తువ్వాలు పట్టుకుని బయటికొచ్చి, దాన్ని అతని భుజం మీద వేశాడు.

"నాకేం చెముడు లేదు బాబూ," అన్నాడు. "మా అమ్మాయికే రెండోసారి వినాలనుందేమో. లోపలికి రా, జలుబు చేస్తుంది."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె మాత్రం గోడవైపు తిరిగి, నవ్వు ఆపుకోవడానికి అవస్థ పడుతోంది.