అత్తయ్య ముక్కుపొడి

“పొగాకు మానకపోతే కాలు తీసేయాల్సి రావచ్చమ్మా!”

డాక్టరమ్మ ఆ మాట మెల్లగానే అంది. కానీ చిట్టికి గది గోడలన్నీ ఒక్కసారిగా తన మీదికి ఒరిగినట్టయింది. బల్ల మీద చాచిన భర్త కుడిపాదం వంక చూడలేకపోయింది. బొటనవేలి పక్కవేలు చివర నల్లబడిపోయి ఉంది... పగలంతా కుట్టుమిషను తొక్కి, ఆయనకు దర్జీగా పేరు తెచ్చి, ఇంటిని నిలబెట్టిన పాదం అది!

“సూది గుచ్చుకుందనుకున్నామండీ... పుండు మానడం లేదని వచ్చాం...” అంది చిట్టి.

“తప్పు సూదిది కాదమ్మా. పొగాకులో నికోటిన్ ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్ళినప్పుడల్లా రక్తనాళాలు బిగుసుకుపోతాయి. పొగాకు అలవాటున్న కొందరికి ఆ నాళాలు వాచి, గడ్డలు కట్టి, మూసుకుపోతాయి. రక్తం అందని వేలు బతకదు. మందులిస్తాను. కానీ అసలు మందు మానడమే! కాల్చేది, నమిలేది, పీల్చేది... ఏదీ వద్దు. ఒక్కటి కూడా వద్దు.” ఆమె దర్జీ వైపు తిరిగింది. “మొదట్లో చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. కోరిక అలలా వస్తుంది, కాసేపు ఓర్చుకుంటే దిగిపోతుంది. నీళ్ళు తాగండి, ఎవరితోనైనా మాట్లాడండి. కోరిక తగ్గే మాత్రలు కూడా రాస్తున్నాను.”

ఆయన తల దించుకుని వింటున్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య ముందు గదిలో కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది. చిట్టి ఏడుస్తూనే అంతా చెప్పింది. ఆవిడ కంట నీరు పెట్టలేదు. “పీల్చేది కూడా వద్దందా?” అని ఒక్క మాట అడిగి, చొక్కా పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు కాలు పోతుందంటే ఇదా అడిగే మాట! చిట్టి మనసు చివుక్కుమంది.

ఆ మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. దర్జీకి కత్తెర పడితే కోపం, దారం తెగితే కోపం. కొలతలు తప్పు రాసుకుని చిట్టి మీద విరుచుకుపడేవాడు. పోనీలే, పాపం, ఆయన బాధ ఆయనది అని సరిపెట్టుకుందామంటే, అత్తయ్య కూడా తోడయింది!

“గుండీ కనబడక నేను చస్తుంటే వెలుతురుకి అడ్డంగా నిలబడతావేమిటి? నీకు బుద్ధుందా?”

ఎప్పుడూ ఇంత మాట అనని మనిషి! చిట్టికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆయనకైతే సిగరెట్లు మానిన చిరాకు... ఈవిడకేం వచ్చింది? నేనేం పాపం చేశానని ఇద్దరూ కలిసి నన్ను కాల్చుకు తింటున్నారు? కొన్నాళ్ళు అన్నయ్య దగ్గరికి పోతేగాని ప్రాణం కుదుటపడదనిపించింది. సంచీ తీసి, ఆరేసిన బట్టలు తెచ్చుకుందామని పెరట్లోకి వెళ్ళింది.

అక్కడ నీళ్ళ తొట్టి పక్కన అత్తయ్య ఒంటరిగా కూర్చుని ఉంది! నుదుటికి తడిగుడ్డ కట్టుకుంది. రెండు చేతులతో కణతలు గట్టిగా నొక్కుకుంటోంది.

“అయ్యో, అత్తయ్యా! ఏమైందండీ?”

“ఏం లేదు... నువ్వెళ్ళు.”

“నేను వెళ్ళను. చెప్పండి!”

“ముక్కుపొడి మానేశానే...” అంది ఆవిడ చివరికి. “వాడు పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటు. మీ మామయ్య పోయినప్పుడు కూడా వదల్లేదు. కానీ నేను ఈ మూల కూర్చుని పీలుస్తూ, ఆ మూల వాణ్ణి మానరా అంటే... ఏ మొహం పెట్టుకుని అనను? తల పగిలిపోతోందే! నోటికి ఏ మాట వస్తోందో నాకే తెలీడం లేదు. నిన్ను ఎన్నేసి మాటలన్నానో...”

“నాతో ఒక్క మాట చెప్పకూడదా అత్తయ్యా!”

“చెప్పి మళ్ళీ మొదలుపెడితే? నీ ముందు తల కొట్టేసినట్టుండదూ!”

వెనక ఏదో చప్పుడైంది. గుమ్మంలో దర్జీ! వీధి చివర కొట్లో కొన్న సిగరెట్టు, ఇంకా వెలిగించనిది, వేళ్ళ మధ్య ఉంది. దొంగచాటుగా కాల్చుకుందామని పెరట్లోకి వచ్చినవాడు అంతా విన్నాడు. దాన్ని అరచేతిలో నలిపేసి, చిన్నపిల్లాడిలా తల్లి పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

“నాకోసం నువ్వింత బాధ పడుతుంటే... నేనేమో...”

“ఏడవకురా నాన్నా. కాల్చలేదుగా!” అంది తల్లి. చిట్టి ఇద్దరినీ చెరో చేత్తో పొదివి పట్టుకుంది.

సంచీ మళ్ళీ అటక ఎక్కింది. ఆనాటి నుంచి ముగ్గురిదీ ఒకే పోరు. “అమ్మా, వచ్చేసింది!” అని మిషను దగ్గర్నుంచి కొడుకు కేకేస్తే, “నాకూ వచ్చిందిరా, కాచుకో!” అని తల్లి బదులిచ్చేది. చిట్టి ఇద్దరికీ నీళ్ళ చెంబు అందించి, ఎవరి కోటు బిగుతైందో, ఎవరి పొట్ట పెరిగిందో చెప్పి నవ్వించేది. ఒకసారి చుట్టాల పెళ్ళిలో ఆయన ఒకటి కాల్చాడు. దాచలేదు, వచ్చి తనే చెప్పుకున్నాడు. “పడ్డావు, లేచావు. మళ్ళీ నడు” అంది తల్లి, అంతే. మర్నాడే చిట్టి ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలు ఇంకొన్నాళ్ళు సాగాయి.

వేలి చివర మాత్రం దక్కలేదు, తీసేశారు. కానీ కాలు నిలిచింది! పుండు మాని, పాదానికి మళ్ళీ వెచ్చదనం వచ్చింది. “నా మందుల కంటే మీ ఇల్లే గట్టిగా పనిచేసిందమ్మా” అంది డాక్టరమ్మ. చిట్టి ఆసుపత్రి వరండాలో నిలబడి, సంతోషం పట్టలేక కొంగుతో నోరు నొక్కుకుని ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం వడ్డిస్తూ, “మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేను అత్తయ్యా...” అంది.

అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, కంచం మీదికి వంగి, ఆశ్చర్యంగా వాసన చూసింది.

“ఏమేవ్... కూర ఎప్పుడూ ఇలాగే వండుతావా?”

“ఇలాగేనండీ. ఏం, బాగాలేదా?” చిట్టి కంగారుపడింది.

“ఇన్నేళ్ళూ నీ వంటకి రుచీ వాసనా లేవని వీధంతా చెప్పుకున్నానే! పాడైంది నా ముక్కే, తల్లీ...”

దర్జీ పొలమారేలా నవ్వాడు. చిట్టికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్తయ్య మాత్రం కళ్ళు తుడుచుకుంటూ కంచం ముందుకు జరిపింది.

“ఇంకొంచెం వెయ్యి!”