వేరు కాపురం పెట్టిన గొంతు

ఆ ఆసుపత్రిలో పాత వెయిటింగ్ హాలు వైపు పొద్దుపోయాక ఎవరూ వెళ్లరు. కొత్త భవనం కట్టాక దానికి తాళం పడింది. లోపల మిగిలింది విరిగిన కుర్చీలూ, చక్రం ఊడిన స్ట్రెచరూ, గోడకి ఓ స్పీకరూ. అయినా ఈమధ్య రాత్రుళ్లు అందులోంచి ఓ ఆడగొంతు పిలుస్తోందట...

"తర్వాతివాళ్లు... లోపలికి రండి."

ఎవరూ లేని హాల్లో ఆ తర్వాతివాళ్లెవరో, ఏ లోపలికో! విన్న నర్సు ఒకావిడ చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది. మర్నాడు పట్టపగలు కూడా వెళ్లి తెచ్చుకోలేదు.

గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. రిసెప్షన్ పెద్దమ్మది. రోగుల్ని పిలిచే మాటలు ఆవిడే రికార్డు చేసింది. కొత్త భవనంలో ఇప్పటికీ పగలంతా పిలిచేది ఆ గొంతే, ఎవరికీ భయం లేదు. కానీ ఆవిడ పోయి ఏళ్లయింది. పగలంటే సరే... రాత్రి ఎవరి కోసం?

ఈ గోలంతా చివరికి మన ప్రోగ్రామర్ మెడకి చుట్టుకుంది. ఆఫీసులో అతని ముద్దుపేరు 'వేరు కాపురం'. ఎందుకంటే ఆ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ అంతా ఓ ఉమ్మడి సంసారం. బిల్లులు, మందులు, పరీక్షలు, రోగుల్ని పిలిచే పిలుపు... అన్నిటి కోడూ ఒకే రిపోజిటరీలో, అంటే కోడు దాచే ఒకే కొట్లో, ఒకే కప్పు కింద. పిలుపులో ఒక్క ముక్క మార్చాలన్నా మార్పులన్నీ కలిపి నెలకోసారి బయటికి వదిలే పెద్ద రిలీజు దాకా ఆగాలి. ఆలోగా మందుల లెక్కలో ఏదైనా తేడా చేసిందా, పిలుపు కూడా దాంతోపాటే మూలన కూర్చోవాలి.

మనవాడు ఆ ఉమ్మడికంతటికీ పైఅధికారి అయిన మేడమ్ వెంటపడి, బతిమాలి, నెలల తరబడి కష్టపడి పిలుపుని విడదీశాడు. దానికి సొంత రిపోజిటరీ, సొంత రిలీజులు. సిద్ధమైన క్షణమే కొత్త వెర్షన్ బయటికి! కొత్తగా వేరు కాపురం పెట్టినవాడి సంబరం తెలిసిందేగా... రాత్రనకా పగలనకా దానికే సేవలు చేస్తూ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే గొంతు మొదలైంది.

"చూశావా?" అంది మేడమ్. ఆవిడ ఎంత పొద్దుపోయినా కుర్చీ వదలని మనిషి. "నా దగ్గరున్నన్నాళ్లూ బుద్ధిగా ఉంది. నువ్వు విడదీశావు, దానికి దెయ్యం పట్టింది. రేపు పొద్దున్నే తిరిగి ఉమ్మడిలో కలిపేస్తున్నా."

మనవాడి ప్రాణం ఉసూరుమంది. ఆ రాత్రే లాప్‌టాప్ చంకన పెట్టుకుని, తాళంచెవి అడిగి తీసుకుని పాత హాల్లోకి వెళ్లాడు. ధైర్యం ఉండి కాదు. వెళ్లకపోతే రేపు నోరెత్తడానికి ఉండదని.

చీకటి. గోడల్ని ఇంకా వదలని మందుల వాసన. కూర్చుంటే కుర్చీ కిర్రుమంది — వీడు అంతకంటే పెద్దగా కెవ్వుమన్నాడు.

ఎంతసేపు చూసినా ఏమీ లేదు... ఊరికే కూర్చోవడం చేతకాక, మిగిలిపోయిన చిన్న మార్పేదో పూర్తిచేసి రిలీజు బటన్ నొక్కాడు.

తలమీద స్పీకరు గరగరమంది.

"తర్వాతివాళ్లు... లోపలికి రండి."

కుర్చీలో ముడుచుకున్నాడు. "నేను కాదు పెద్దమ్మా... నేను రోగిని కాను..." అని గొణిగాడు. వెంటనే, ఈ హాల్లో పిలుపు వినపడకుండా నాలుగు ముక్కలు రాసి, రిలీజు —

"తర్వాతివాళ్లు... లోపలికి రండి."

ఎక్కడో తప్పు రాశాననుకుని దిద్దాడు. మళ్లీ రిలీజు —

"తర్వాతివాళ్లు..."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆగు, ఆగు... నేను నొక్కినప్పుడే కదా ఈవిడ పిలుస్తోంది!

కోడంతా గాలించాడు. దొరికింది. ప్రతి రిలీజుకీ ముందు గొంతు సరిగ్గా పలుకుతోందో లేదో ఓ స్పీకరులో పలికించి చూసే పరీక్ష అది. రోగులకి ఇబ్బంది ఉండకూడదని, ఎవరో మహానుభావుడు ఖాళీ హాలు స్పీకరుని దానికి అప్పగించాడు. ఉమ్మడిలో ఉన్నప్పుడు నెలకోసారి, మిట్టమధ్యాహ్నం హడావిడిలో పలికేది, ఎవరి చెవినా పడలేదు. ఇల్లు మారేటప్పుడు మనవాడు మూటలు విప్పి చూడకుండానే అన్నీ మోసుకొచ్చాడు. ఇప్పుడు రిలీజులు తన చేతిలో, అవీ రాత్రుళ్లు. ఊరందర్నీ హడలగొట్టిన దెయ్యం తనే!

కడుపుబ్బ నవ్వుకున్నాడు. పరీక్షని ఆ హాల్లోంచి తన లాప్‌టాప్‌కి మార్చి, దాని శబ్దం తగ్గించి, కళ్లు మూసుకుని రిలీజు నొక్కాడు. గోడమీద స్పీకరు కిక్కురుమనలేదు.

హమ్మయ్య! లాప్‌టాప్ మూసి, తలుపు దాకా నడిచాడు.

"చిట్టీ..." అంది వెనకనుంచి అదే గొంతు, మెల్లగా. "పొద్దుపోయింది. ఇంటికి వెళ్లు..."

అడుగు అక్కడే ఆగిపోయింది. అంతలోనే, ఇదీ ఏదో రికార్డింగే అయ్యుంటుందిలే, తనని ఏడిపించడానికి మేడమే పెట్టుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకుంటూనే పరుగెత్తాడు.

పొద్దున్నే మేడమ్‌కి అంతా విడమరిచి చెప్పాడు. ఆవిడ పడీపడీ నవ్వింది.

"నీ దెయ్యానివి నువ్వేనన్నమాట! సరే, మూటలు చూసుకోనివాడికి వేరు కాపురమెందుకు? కలిపేద్దాం."

మనవాడి మొహం చిన్నబోయింది. "మీ ఇష్టం మేడమ్. ఆ చిట్టి రికార్డింగ్ ఎక్కడ దాచారో చెబితే అదీ తీసేస్తా."

మేడమ్ నవ్వు ఆగింది. "ఏ చిట్టి?"

"చిట్టీ, పొద్దుపోయింది, ఇంటికి వెళ్లు... అని."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అలాంటి రికార్డింగ్ లేదు," అంది గుసగుసగా. "ఈ ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఆ హాల్లోనే కూర్చుని రాత్రిదాకా పనిచేసేదాన్ని. నన్ను చిట్టీ అని పిలిచేది... పెద్దమ్మ ఒక్కతే."

మనవాడు ఓ అడుగు వెనక్కి వేశాడు. "మరి... ఉమ్మడిలో ఎప్పుడు కలుపుదాం మేడమ్?"

"మతి పోయిందా నీకు? వేరుగానే ఉండనీ! అది నా గడప తొక్కడానికి వీల్లేదు."

అలా నిలిచింది మనవాడి వేరు కాపురం. మేడమ్ మాత్రం ఆ రోజు నుంచి... పొద్దుపోకముందే ఇంటికి వెళ్లిపోతోందట.