పొడి మంచులో నాలుగు మైళ్లు

మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలకి ఏజెంట్ రాఘవులు కాఫీ తాగుతూ చనిపోయాడు. వయోమింగ్ కొండల్లోని ఆ స్కీ లాడ్జ్ లాబీలో యాభై మంది ఉన్నారు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు ఒక్కరి చెవినా పడలేదు. పక్క సోఫాలో ఏజెంట్ రుత్విక్ లాప్‌టాప్ తెరుచుకుని, సెలవులో కూడా ఆఫీస్ పని చేసుకునే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ వేషంలో ఉన్నాడు. ఆ వేషాన్ని అమెరికాలో ఎవరూ అనుమానించరు. అతను లేచి పట్టుకునేసరికే పెద్దాయన ప్రాణం పోయింది.

రెండు నిమిషాల్లో రుత్విక్ చెవిలోని రిసీవర్‌లో చీఫ్ జ్ఞానప్రసూన గొంతు వినిపించింది. ఆష్‌బర్న్‌లో, బయటికి డేటా సెంటర్‌లా కనిపించే బిల్డింగ్‌లో ఉంటుందావిడ. బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. రాఘవులుని చంపింది వోల్కా అనే విదేశీ ముఠా. అది పదకొండు మంది సీక్రెట్ ఏజెంట్ల అసలు పేర్లు దొంగిలించింది. లాడ్జ్‌కి నాలుగు మైళ్ల పైన, కొండ కొసనున్న క్యాబిన్ నుంచి సరిగ్గా నాలుగు గంటలకి ఆ లిస్ట్‌ని శాటిలైట్‌కి పంపుతారు. అది చేరిన గంటలో పదకొండు మందినీ చంపేస్తారు. ఈ గాలికి హెలికాప్టర్ ఎగరదు.

"ఏడో పేరు స్మృతి," అంది చీఫ్.

స్మృతి రుత్విక్ అక్క. ఏ దేశంలో పని చేస్తోందో తమ్ముడికి కూడా తెలియదు.

"అక్కకి ముందే చెప్పండి మేడమ్. తప్పించుకుంటుంది."

"తను కాల్ చేస్తేనే మాట్లాడగలం. మనం చేయలేం. నువ్వు వెళ్లగలవా?"

రుత్విక్ హెల్మెట్ పెట్టుకున్నాడు.

బయట అతని కోసం ఉంచిన కొత్త మంచుబండి, స్నోమొబైల్ పక్కన తెల్లటి ఫర్ కోట్‌లో, నల్లకళ్లద్దాలతో ఒకమ్మాయి నిలబడి ఉంది. ఆ చలిలో కూడా ఆమె లిప్‌స్టిక్ చెదరలేదు.

"ఓక్ ట్రీ రోడ్‌లో ఇండియన్ షాపుల దగ్గర పార్కింగ్ దొరికిందా?" అని అడిగాడు.

"ఆదివారమా? దేవుడికే దొరకదు."

కోడ్ సరిపోయింది. ఆమె పేరు నమ్రత. ఇర్వింగ్‌లో పెరిగింది. రెండేళ్లుగా వోల్కా దగ్గరా, ఏజెన్సీ దగ్గరా జీతం తీసుకుంటోంది. అసలు ఎవరి మనిషో జ్ఞానప్రసూన కూడా ఒట్టేసి చెప్పలేదు. కానీ క్యాబిన్ తలుపు తాళం తెరిచే నంబర్ తెలిసింది ఆమెకే.

మొదటి మైలు బాగానే నడిచింది. బండ్లు తిరిగి గట్టిపడిన బాట అది. బాట అయిపోయి, నడుం లోతు పొడి మంచు మొదలవగానే ఇంజన్ గొంతు తగ్గిపోయింది. థ్రాటిల్ చివరిదాకా నొక్కినా పవర్ రాలేదు. బండి ముక్కు కిందికి వాలి, పిండిలాంటి మంచులో కూరుకుపోయింది. దాన్ని తవ్వి పైకి తీయడానికే గంట పట్టింది.

రుత్విక్ ఇంజన్ హుడ్ ఎత్తాడు. డ్రైవ్ బెల్ట్ తడిసి జారుతోంది. నమ్రత సిల్క్ స్కార్ఫ్‌తో దాన్ని తుడిచాడు. స్పార్క్ ప్లగ్స్ తీసి చూస్తే నల్లగా, పెట్రోల్‌తో తడిగా ఉన్నాయి. స్పేర్ ప్లగ్స్ వేశాడు. ఇంజన్ అందుకుంది. వంద గజాలు పోయి మళ్లీ చచ్చింది.

టైమ్ మూడు దాటింది. కొత్త ప్లగ్స్ కూడా నల్లబడ్డాయి. అంటే పెట్రోల్ అందుతోంది, గాలి అందడం లేదు. బండి పక్కల ఉన్న గాలి రంధ్రాల్లో మంచు గడ్డకట్టి ఉంటే వేళ్లతో గోకి తీశాడు. పది గజాలు పోయేసరికి మళ్లీ నిండిపోయాయి. ఇలా గోక్కుంటూ పోతే రేపటికి చేరతారు. నడుద్దామంటే ఆ లోతులో గంటకి అరమైలు కూడా కదలరు. అక్క చచ్చిపోతుంది, నేనిక్కడ మంచు గోకుతూ ఉంటాను అనుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది.

ఏడుపు వెనకే కోపం వచ్చింది. పిస్టల్ తీసి నమ్రతకి గురిపెట్టాడు.

"ఇంజన్‌ని ఏం చేశావు?"

"నేనేం చేయలే. కాల్చాలనుంటే కాల్చు. తలుపు నంబర్ కూడా నాతోనే పోతది." ఆమె చూపు అతని మీద లేదు, బండి మీద ఉంది. "ముందు ఇది చెప్పు. ఏందిది?"

విండ్‌షీల్డ్ కింద, పై గాలి రంధ్రాల మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటుకుని ఉంది. షోరూమ్ నుంచి వచ్చిన కవర్. పొద్దున మెకానిక్ దాన్ని పీకబోతే వద్దన్నది రుత్వికే. టీవీ రిమోట్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి వాడిన ఇంట్లో పెరిగినవాడు. కొత్త వస్తువు మీది కవర్ తీయాలంటే అతనికి చేతులు రావు. బాట మీద ఉన్నంతసేపూ పక్క రంధ్రాలు గాలి పీల్చాయి. లోతు మంచులో అవి మూసుకున్నాక, పీల్చడానికి పైవే మిగిలాయి.

"స్క్రాచెస్ పడతాయని..." అని గొణిగాడు.

"మా డాడీ కార్ సీట్ల కవర్లు మూడేళ్లు తీయలే," అంటూ నమ్రత ఆ పొరని ఒక్క గుంజు గుంజింది.

ఆ ప్లగ్స్‌నే తుడిచి పెట్టాడు. ఇంజన్ కేక వేసి లేచింది. అయినా ఆశ పెట్టుకునే టైమ్ కాదది. మూడు మైళ్ల ఎక్కుడు దారి ఇంకా మిగిలే ఉంది.

మూడు యాభై ఏడుకి క్యాబిన్ ముందు దిగారు. నమ్రత తలుపు నంబర్ నొక్కింది. ఎర్ర లైట్ వెలిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఎరుపే.

"మార్చేసిండ్రు," అంది. "నన్ను కూడా నమ్మలేదన్నమాట."

ఉక్కు తలుపు అది. పిస్టల్ గుళ్లు దాన్ని ఏమీ చేయలేవు. క్యాబిన్ వెనక గుట్ట మీద డిష్ యాంటెనా ఆకాశం వైపు మెల్లగా తిరుగుతోంది. రుత్విక్ ఇంకేమీ ఆలోచించలేదు. బండెక్కి థ్రాటిల్ పూర్తిగా నొక్కి, గుట్ట ఎక్కించి, చివరి క్షణంలో దూకేశాడు. స్నోమొబైల్ డిష్‌ని ఢీకొని, స్తంభంతో సహా అవతలి లోయలోకి పోయింది. అప్పటికి నాలుగు కావడానికి రెండు సెకన్లే ఉన్నాయి.

లోపలున్న ఆపరేటర్ తుపాకీతో బయటికి పరుగెత్తాడు. తలుపు పక్కన కాచుకున్న నమ్రత హెల్మెట్‌తో వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. ఆమె ఎవరి మనిషో అప్పటికి తేలింది.

నాలుగుంబావుకి చీఫ్ లైన్‌లోకి వచ్చింది. లిస్ట్ వెళ్లలేదని చెప్పింది. గురువారం దాకా గాలి తగ్గదని, ఎవరినీ పంపలేనని కూడా చెప్పింది. బండి లేదు, రాత్రికి మైనస్ ముప్పై అట. క్యాబిన్‌లో ఉన్న ఒక్క స్టవ్‌కీ కట్టెలు లేవు.

"అక్క?" అన్నాడు రుత్విక్.

"ఇప్పుడే కాల్ చేసింది, రొటీన్ రిపోర్ట్. తనకేమీ తెలియదు, చెప్పకూడదు కూడా. ఒకటే కంప్లెయింట్ ఇచ్చింది. అపార్ట్‌మెంట్‌లో హీటర్ సరిగ్గా పని చేయట్లేదట, చలికి చచ్చిపోతున్నానంది."

నడుం లోతు మంచులో నిలబడి రుత్విక్ కళ్లు తుడుచుకున్నాడు.

"వెంటనే బాగు చేయించండి మేడమ్," అన్నాడు. "అక్క చలికి తట్టుకోలేదు."