అద్దంలోంచి వచ్చిన ఎండ

ఏడున్నర కావస్తోంది. స్టవ్ మీద టీ మరుగుతోంది. బాత్‌రూములో భర్త గొంతు సవరించుకుంటున్నాడు. వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవక మొరాయిస్తోంది. అన్నీ రోజూ ఉండే చప్పుళ్ళే. అయినా వంటింట్లో నిలబడ్డ ఆమెకి మనసు నిలవడం లేదు. ఏదో తక్కువైంది. రెండుసార్లు కుళాయి కట్టేసి చెవి ఒగ్గింది. అప్పుడు తట్టింది, భర్త కూతురు పొట్టి ఉండే గదిలోంచి గీరుడు చప్పుడు రావడం లేదని.

ఆ గదిలో కిటికీ పక్కన ఒక అద్దాల తొట్టి, అందులో ఓ తాబేలు. ఇంట్లో అందరూ దాన్ని పెద్దాయన అంటారు. తెల్లారగానే ముందుకాళ్ళతో అద్దాన్ని గీరుతూ ఆ చివరినుంచి ఈ చివరికి తిరగడం పెద్దాయన దినచర్య. ఎనిమిది నెలల క్రితం ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి ఆమెకి తల బద్దలయ్యేది. "ఆయనకి అదే వాకింగు," అని నవ్వేవాడు భర్త. లిఫ్టులు రిపేరు చేసే మనిషి. కదులుతున్నంతసేపూ దేనికీ ఏ లోటూ లేదన్నది ఆయన నమ్మకం.

పొట్టి ఆయన మొదటి భార్య కూతురు. పదహారేళ్ళు. తండ్రి చెవిదాకా ఎదిగినా ఆ పేరు మాత్రం వదల్లేదు. తల్లి పోయి రెండేళ్ళయింది. పెద్దాయన ఆ తల్లి తెచ్చి పెంచుకున్న ప్రాణి. తను లేనప్పుడు తన గదిలోకి ఎవరూ రాకూడదని పొట్టి షరతు. 'ఎవరూ' అంటే ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె పనిచేసే బేకరీలో మిగిలిన బ్రెడ్డు సాయంత్రం తెచ్చి, పాలల్లో నానబెట్టి, గిన్నె గుమ్మం దగ్గర పెట్టేది. పొట్టి మాట్లాడకుండా తీసుకెళ్ళి పెద్దాయనకి పెట్టేది. ఖాళీ గిన్నె మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చేది. ఇద్దరి మధ్యా ఉన్న రాకపోకలు అంతే.

ఈవేళ పొట్టి ఆరింటికే ట్యూషనుకి వెళ్ళిపోయింది. ఆమె తలుపు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి లోపలికి నడిచింది.

పెద్దాయన ఓ మూల తల లోపలికి పెట్టుకుని ఉన్నాడు. కళ్ళు వాచి మూసుకుపోయాయి. చేతిలోకి తీసుకుంటే కాళ్ళు వేలాడాయి. పట్టుకోవడంలో బొటనవేలు డిప్ప మీద నొక్కుకుంది. గట్టిగా ఉండాల్సిన డిప్ప తడిసిన అట్టలా లోపలికి వెళ్ళింది.

"ఏమండీ, నేను ఈవేళ పనికి పోవడం లేదు," అని కేకేసి, కేకులు పెట్టే అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, పెద్దాయన్ని అందులో కూర్చోబెట్టింది.

*

పశువుల డాక్టరమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. డిప్పని అన్ని వైపులా నొక్కి చూసింది, దవడ పట్టుకుని చూసింది.

"ఎక్కడ పెడుతున్నారు దీన్ని?"

"అద్దాల తొట్టిలో. కిటికీ పక్కనే అండీ, బోలెడంత ఎండ వస్తుంది."

"అద్దంలోంచి వచ్చే ఎండలో వెలుతురు వస్తుంది గానీ, దీనికి కావలసిన సారం అద్దం దగ్గరే ఆగిపోతుంది. అది ఒంటికి తగలకపోతే తిండిలోని సున్నం, అదే క్యాల్షియం, పట్టదు. ఎముకలు, డిప్ప మెత్తబడిపోతాయి. ఎన్నాళ్ళ నుంచి లోపల ఉంటోంది?"

"రెండేళ్ళు. అంతకుముందు పెరట్లో తిరిగేదట."

"ఏం పెడుతున్నారు?"

ఆమె బ్రెడ్డు సంగతి చెప్పింది.

"అది ఈ రోజుతో మానండి. గడ్డి, కలుపు ఆకులు, మందార ఆకులు పెట్టండి. పాలూ బ్రెడ్డూ దీని తిండి కాదు. ఆ తప్పు మీది," అంది డాక్టరమ్మ, సూది మందు ఎక్కిస్తూ. "కానీ డిప్ప ఇంతగా మెత్తబడటం బ్రెడ్డుతో ఏడెనిమిది నెలల్లో అయ్యేది కాదు. లోపల పెట్టిన రోజునుంచే మొదలై ఉంటుంది. ఎవరు తెచ్చి పెట్టారు లోపల?"

ఆమె తువ్వాలు అంచు సరిచేసింది.

డాక్టరమ్మ పెద్దాయన్ని ఆసుపత్రిలోనే ఉంచుకుని, రెండు రోజులాగి తీసుకెళ్ళమంది. ఆలోగా పెరట్లో ఒక చోటు తయారుచేయమంది. గోడలు చెక్కతో కట్టాలి, అద్దంగానీ వలగానీ వద్దు, అవతల కనిపిస్తే గీరుతూనే ఉంటుంది. సగం ఎండ, సగం నీడ ఉండాలి. దూరడానికి ఓ పెట్టె, లోతులేని నీళ్ళ పళ్ళెం ఉండాలి. తిండి మీద క్యాల్షియం పొడి చల్లాలి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పది రోజులకి మళ్ళీ చూపించాలి.

బస్సులో ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సీటు ఉన్నా రెండు స్టాపుల తర్వాత లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. ఆ పిల్లకి ఏమని చెప్పాలి?

*

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టిన పొట్టి ఖాళీ తొట్టి ముందు నిలబడిపోయింది. మరుక్షణం హాల్లోకి వచ్చింది.

"నా గదిలోకి ఎవరు వెళ్ళారు?"

"నేనే. పెద్దాయనకి ఒంట్లో బాగాలేదు. డాక్టరు దగ్గర ఉంచాను."

"ఎవరినడిగి? నాకు ఫోన్ చేయొచ్చు కదా మీరు?"

"చేశాను, నువ్వు తీయలేదు. ఆగడానికి టైము లేదమ్మా."

"ఏం జబ్బు? ఎందుకొచ్చిందట?"

మాట పెదవుల దాకా వచ్చింది. ఎదురుగా ఆ పిల్ల ముఖం. భుజానికి బ్యాగు కూడా తీయలేదు. పట్టీని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆమె చూపు పక్కకి తిప్పుకుంది.

"బ్రెడ్డు పడలేదట. నేను తెచ్చిన బ్రెడ్డు."

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన తండ్రి పనిముట్ల సంచీతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మా అమ్మ పదకొండేళ్ళు పెంచింది," అంది పొట్టి. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "ఒక్క రోజు జ్వరం కూడా రాలేదు వాడికి. మీరొచ్చి ఎనిమిది నెలలు. పైగా మీ చేత్తో పెట్టలేదు, నా చేత పెట్టించారు."

"పొట్టీ, ఏంటా మాటలు?" అన్నాడు తండ్రి.

"మీరు ఊరుకోండి," అంది ఆమె భర్తతో. "దాన్ని అననివ్వండి."

"అమ్మ వస్తువులన్నీ సర్దేశారు. అమ్మ కుర్చీ వరండాలోకి వెళ్ళింది. ఇప్పుడు ఇదీ పోతే ఇంక మీకు అడ్డేమీ ఉండదు."

తలుపు పడింది. తండ్రి అటు చూసి ఇటు చూసి, రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న వాడిలా నిలబడ్డాడు. "నిజంగా బ్రెడ్డేనా?" అని మెల్లగా అడిగాడు. "సంచీ కింద పెట్టి కాళ్ళు కడుక్కోండి," అంది ఆమె.

*

ఆ పది రోజులూ ఆమె ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. బేకరీలో బన్నుల ట్రే రెండుసార్లు మాడ్చింది. ఇంటికి రాగానే పెరట్లో పడేది. భర్త చేత పాత బీరువా చెక్కలు కోయించి నాలుగు పక్కలా పాతింది. తవ్వుకుని పారిపోకుండా జానెడు లోతు నేలలోకి దించింది. రెండో రోజు తీసుకొచ్చిన పెద్దాయన్ని పొద్దున్నే ఎండలో పెట్టి, ఎండ ముదరగానే నీడలోకి జరిపేది. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నిలబెట్టేది. ఆకులు తుంపి నోటి దగ్గర పెడితే తల తిప్పేసుకునేవాడు. ఆరో రోజు ఒక ఆకు కొరికాడు. చెప్పుకోవడానికి ఎవరూ దొరక్క బేకరీలో బ్రెడ్డు కొనడానికి వచ్చిన ముసలావిడకి చెప్పింది.

పొట్టి కిటికీలోంచి చూసేది. దగ్గరికి వచ్చేది కాదు. పదో రోజు మాత్రం చెప్పులు వేసుకుని తయారుగా నిలబడింది.

"నేనూ వస్తాను. మీ ఒక్కరినీ నమ్మి పంపలేను."

వద్దనడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు ఆమెకి.

డాక్టరమ్మ డిప్ప నొక్కి చూసి తల ఊపింది. "దిగజారలేదు. అదే మంచి మాట. ఎండలో పెడుతున్నారా?"

"రోజూ పెడుతున్నానండీ," అంది ఆమె తొందరగా. "ఇంక మేం బయల్దేరతాం."

"బ్రెడ్డు మానేశాం డాక్టర్ గారూ," అంది పొట్టి. "దానివల్లే కదా ఇదంతా?"

"దానివల్ల కొంత. అసలు సంగతి అది కాదమ్మా. రెండేళ్ళు అద్దాల వెనక ఉంచారు కదా, ఒంటికి నేరుగా ఎండ తగల్లేదు. మొదటి రోజే మీ అమ్మగారికి అంతా వివరంగా చెప్పానే."

పొట్టి ఆమె వైపు చూసింది. ఆమె పెట్టె మూత సర్దుతూ ఉండిపోయింది.

బయటికి రాగానే పొట్టి పరుగులాంటి నడకతో ముందుకెళ్ళిపోయింది. బస్ స్టాప్ దాటింది. వీధి చివర మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూలబడింది. ఆమె పెట్టె కదలకుండా మోసుకుంటూ చేరేసరికి ఆ పిల్ల మోకాళ్ళలో తల దాచుకుని ఉంది.

"నేనే కదా," అంది తలెత్తకుండా. "నేనే చేశాను."

ఆమె పక్కన కూర్చుంది.

"ఆసుపత్రికి వెళ్ళే రోజు అమ్మ చెప్పింది, వీడిని పొద్దున్నే పెరట్లోకి వదలమని. నేను వదల్లేదు. గేటు ఎవరైనా తీసి ఉంచితే వీడూ పోతాడనిపించింది. కళ్ళముందే ఉండాలని లోపల పెట్టుకున్నాను. వాడు రోజూ గీరేవాడు. నన్ను పలకరిస్తున్నాడనుకున్నాను."

"పద్నాలుగేళ్ళ పిల్లవి అప్పుడు. అద్దంలోంచి వచ్చే ఎండ చాలదని ఎవరు చెప్పారు నీకు?"

"మరి నువ్వెందుకు చెప్పలేదు?" పొట్టి తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోపం కూడా ఉంది. "పది రోజులు నిన్ను ఎన్ని మాటలన్నాను. పడుతూ కూర్చున్నావు. నన్ను ఎంత చెడ్డదాన్ని చేశావు."

ఈ కోపం వస్తుందని ఆమె అనుకోలేదు.

"నా మీద కోపం నీకు ఎలాగూ ఉంది. అందులో ఇదీ కలిసిపోతుందిలే అనుకున్నాను. నీ మీద నీకే కోపం వస్తే, మీ అమ్మ కూడా లేదు, ఎవరి దగ్గరికి పోతావు?" పెట్టెని దగ్గరికి జరుపుకుంది. "తప్పు చేశాను. నిజం తట్టుకోలేవని నేనే తీర్మానించేసుకున్నాను. నిన్ను అడగలేదు."

పొట్టి ఏడ్చింది. రెండేళ్ళ కిందట తల్లి పోయినప్పుడు పక్కింటివాళ్ళు, బంధువులు 'పిల్ల గట్టిది, కన్నీటి చుక్క రాల్చలేదు' అని మెచ్చుకున్నారని భర్త ఒకసారి చెప్పాడు ఆమెకి. ఇప్పుడు దారిన పోయేవాళ్ళు ఆగి చూసేటంతగా ఏడ్చింది. ఆమె పెట్టెని రెండో పక్కకి జరిపి, ఆ పిల్ల తలని భుజం మీదికి లాక్కుంది. పొట్టి విదిలించుకోలేదు.

చాలాసేపటికి, "బతుకుతాడా?" అంది.

"అవకాశం ఉందంది. ఖాయంగా చెప్పలేదు. డిప్ప మీద సొట్టలు మాత్రం పోవట."

"ఇదైనా నిజమేనా?"

"నిజమే."

ఇంటికి వచ్చాక పెద్దాయన్ని చెక్కల గోడల మధ్య దించారు. ఎంతసేపటికీ కదల్లేదు. భర్త వచ్చి, వాళ్ళిద్దరినీ పక్కపక్కన చూసి, ఏమీ అడగకుండా తనూ చతికిలబడ్డాడు. చివరికి పెద్దాయన మెడ చాచాడు. నాలుగడుగులు నడిచి, మట్టిలో ముందుకాలు పెట్టి ఒకసారి లాగి, మళ్ళీ ఎండ వైపు తిరిగి కూర్చున్నాడు.

పొట్టి కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"రేపు నాకు ఆరింటికే ట్యూషను. ఎనిమిదికి వాడిని ఎండలో పెట్టు పిన్నీ. పదింటికి బేకరీకి వెళ్ళేముందు నీడలోకి జరుపు. నీళ్ళు మార్చడం మర్చిపోకు. వాడు ఏం తిన్నాడో నాకు ఫోన్ చేసి చెప్పు, ఈసారి తీస్తాను."

"సరే," అంది ఆమె. కుళాయి తిప్పి, కడిగిన చేతులనే మళ్ళీ కడుక్కుంటూ చాలాసేపు అక్కడే నిలబడింది.