నీలి బూజు

"దొంగ మన ల్యాబ్‌లోనే ఉన్నాడు, కురమోచి," అన్నాడు చీఫ్ ఇసోబె.

టోక్యోలోని ఆ మందుల కంపెనీలో కురమోచి పేరుకు స్టోర్ క్లర్కు. అసలు పని కంపెనీ రహస్యాలకు కాపలా. ఏళ్ల తరబడి మారువేషంలో బతికినవాడికి స్నేహితులంటూ ఎవరూ మిగల్లేదు.

చీఫ్ బ్రీఫింగ్ ముక్తసరిగా ముగించాడు. ఒంట్లో కొలెస్ట్రాల్ తయారుచేసేది ముఖ్యంగా లివర్. ఆ తయారీకి ఒక ఎంజైమ్ కావాలి. బియ్యం మీద పెరిగిన నీలి బూజులోని పదార్థం ఆ ఎంజైమ్‌లో అడ్డంగా కూర్చుని పని ఆపేస్తుంది. ఆ బూజున్న ట్యూబ్ ఒకటి మాయమైంది. అది విదేశీ ముఠాకు చిక్కితే ఇన్నేళ్ల శ్రమా నీళ్లపాలే. ముఠా మనిషి, కోడ్‌నేమ్ కొంగ, మొన్న ఆదివారం కనజావాలో దిగాడు.

మధ్యాహ్నం కురమోచి బల్ల మీద ఒక మిఠాయి కనిపించింది. ఊరెళ్లొచ్చినవాళ్లు ఆఫీసులో అందరికీ పంచేదే, కానీ క్లర్కు ఎప్పుడూ ఎవరికీ గుర్తుండడు. ఈసారి గుర్తుపెట్టుకున్నది ల్యాబ్‌లో పనిచేసే మియోకో, నగోయాలో తల్లిని చూసొస్తానని వెళ్లిన అందగత్తె. ఆమె పంచిన పెట్టె నగోయాది. మిఠాయికి చుట్టిన కాగితం మీద మాత్రం కొంగ దిగిన కనజావాలోని దుకాణం పేరుంది. కంపెనీ రహస్యాన్నే అమ్మేయగలిగిన మనిషికి ఖాళీ చేతులతో ఆఫీసుకు రావడం మాత్రం చేతకాలేదు. కురమోచి మిఠాయి మొత్తం తిన్నాడు. ఏడుపొచ్చింది.

నరిత విమానాశ్రయం. ఆఖరి పిలుపు వినిపించింది. మూడుసార్లు బ్యాగులోని లిప్‌స్టిక్ తడిమి చూసుకుని, ఒక్కసారీ పూసుకోకుండా గేటు దాటబోతున్న మియోకోకు స్వీపర్ వేషంలో ఉన్న కురమోచి చీపురు అడ్డం పెట్టాడు.

"ఆ లిప్‌స్టిక్ ఇటివ్వండి, మియోకో గారూ."

ఆమె బుకాయించలేదు. లిప్‌స్టిక్ గొట్టం అతని చేతిలో పెట్టింది. లోపల గాజు ట్యూబ్, అందులో నీలి బూజు.

"మీ చీఫ్ సగమే చెప్పుంటాడు," అంది. "తయారీ ఆగడంతో అయిపోదండీ. లోపల కొరత పడితే లివర్ తలుపులు ఇంకా ఎక్కువ తెరుస్తుంది. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌ని లోపలికి లాక్కుంటుంది. రక్తం తేటపడేది అలాగే."

"నాకెందుకు చెబుతున్నారు?"

"మీదీ కొరతే కదా. ఇన్నేళ్లలో ఒక్క తలుపైనా తెరిచారా?"

పోలీసులు ఆమెను తీసుకెళ్లారు.

చీఫ్ భుజం తట్టి, వారం సెలవిచ్చి, సరదాగా ఎటైనా తిరిగి రమ్మన్నాడు. ఎవరితో వెళ్లాలో మాత్రం బ్రీఫింగ్‌లో లేదు.