కాలువ మీద విల్లాలు

కమలవ్వ పెనం మీద రొట్టె తిప్పుతోంది. కొడుకు సురేందర్ చాయ్ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. నాలుగు రోజులుగా దాచిన మాట ఇక దాగేలా లేదు.

"బాపూ, ఇయ్యాల నా డ్యూటీ మన తోటలనే," అన్నాడు చివరికి.

తండ్రి ఇస్తారి అరబ్బుల దేశానికొచ్చి, సమాయిల్ ఊళ్లోని ఆ ఖర్జూరపు తోటలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. ముసలి యజమాని పోయాక కొడుకులు దాన్ని విల్లాలు కట్టేవాళ్లకు అమ్మేసి, ఇస్తారిని తమ ఇంటి కాపలాకు పెట్టారు. ఆ ఇంటి వెనక రూములోనే ముగ్గురి కాపురం. చెట్లు అప్పటికే కొట్టేశారు. నేల చదును చేసే పని సురేందర్ కంపెనీకి వచ్చింది. అతను పొక్లెయిన్ నడుపుతాడు.

"చెట్లు పాయె. ఇంకేం మిగిలిందిరా?" అన్నాడు ఇస్తారి.

"కాలువ పూడ్వాలె."

ఇస్తారి చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టేశాడు. కొండ లోపలి నుంచి వచ్చే ఆ కాలువను అక్కడివాళ్లు ఫలజ్ అంటారు. తోటలన్నీ వంతులవారీగా దాని నీళ్లతోనే తడుస్తాయి.

"అది ఒక్కరి కాలువ కాదు బిడ్డా. కింద ఇంకా పదకొండు తోటలున్నయ్. అండ్ల ముసలి అజీజమ్మ నిమ్మచెట్లున్నయ్. ఇంజినీరుకు చెప్పు, నీళ్లు పోనీకి పైపన్న ఎయ్యమను."

"చెప్పిన. వినలే. నేను కాకపోతే ఇంకొకడు పూడుస్తడు."

"ఇంకొకడు పూడిస్తే ఇంకొకని పాపం. నా కొడుకెందుకు పూడ్వాలె?"

"ఇరవై రెండేండ్లు వాళ్ల చెట్లకు నీళ్లు పెట్టినవ్. అమ్మేటప్పుడు నిన్నొక్క మాటన్న అడిగిండ్రా?"

"నోరు మూయ్‌రా!" అంది కమలవ్వ. ఇస్తారి కంచం ముందు నుంచి లేచాడు. చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

నిజానికి సురేందర్ ఇంజినీరును అడగనే లేదు. అడిగితే ఏమంటాడోనని భయపడ్డాడు. మధ్యాహ్నానికల్లా కాలువ పూడిపోయింది.

ఆ రోజు నుంచి ఇస్తారి కొడుకుతో మాట్లాడలేదు. రోజూ సురేందర్ లేచేసరికే ఎటో వెళ్లిపోయేవాడు. తన మొహం చూడటం ఇష్టం లేకే అనుకున్నాడు సురేందర్.

ఎండలు ముదిరాయి. తోట ఉన్నప్పుడు వాకిట్లో చల్లగాలి వీచేది. ఇప్పుడు పొద్దు వాలినా కొత్త విల్లాల గోడలు సెగ కక్కుతున్నాయి. పొద్దున్నే గోల చేసే పిట్టలు ఎటు పోయాయో తెలియదు. కింది తోటల్లో ఖర్జూరపు మట్టలు ఎండి వేలాడుతున్నాయి. డ్యూటీకి పోతూ సురేందర్ అటు చూడటం మానేశాడు.

కంపెనీ అతన్ని బహ్లా అనే ఊళ్లో ఇంకో సైటుకు పంపింది. అక్కడా ఓ కాలువ అడ్డొచ్చింది. రెండో మిషన్ నడిపే తహ్సీన్ బండి ఆపి దిగి, "సాబ్, దీని కింద తోటలున్నాయి," అన్నాడు. ఇంజినీరు వచ్చి చూశాడు. విసుక్కున్నాడు. సాయంత్రానికి పైపు వేయించాడు.

అంతే. ఒక్క మాట.

సురేందర్ ఆ రోజు తెచ్చుకున్న సద్ది తినలేకపోయాడు. శుక్రవారం సెలవు నాడు పొద్దున్నే అజీజమ్మ తోటకు వెళ్లి, తలవంచుకుని, వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు, కాలువ పూడ్చింది తానేనని.

ముసలామె తలెత్తి చూసింది. "తెలుసు," అంది. "మీ నాన్న ఆ రోజే వచ్చాడు. నా కొడుకు చేశాడు, తిట్టాలనుకుంటే నన్ను తిట్టమన్నాడు. అప్పటినుంచి రోజూ వస్తున్నాడు."

ఆమె చూపించిన వైపు, యజమాని ఇంటి కుళాయి దగ్గర పట్టిన నీళ్ల డబ్బాలు రెండు చేతులా మోసుకుంటూ ఇస్తారి వస్తున్నాడు. చొక్కా తడిసి వీపుకంటుకుంది.

సురేందర్ ఎదురు పరిగెత్తాడు.

"బాపూ, నేను ఇంజినీరును అడగనే లేదు. అబద్ధం చెప్పిన. అడిగితే పైపు ఏద్దురేమో..."

ఇస్తారి డబ్బాలు కింద దించాడు. ఎండిన ఖర్జూరాల వైపు, కొడుకు వైపు చూశాడు. తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏవన్న బతుకుతయా బాపూ?"

"నిమ్మచెట్లు నాలుగైదు బతుకుతయేమో. ఖర్జూరాలైతే పోయినట్టేరా."

అని, ఒక డబ్బా కొడుకు వైపు జరిపాడు.

"ఎత్తు. ఒలకబొయ్యకు."