కిటికీ పక్క సీటు

రెండేళ్ళు దాటిన పిల్లాడితో ఒంటరిగా విమానం ఎక్కడమంటే నిప్పుల మీద కూర్చోవడమేనని చిన్నికి తెలిసినవాళ్ళందరూ చెప్పారు. అందుకే ఆమె యుద్ధానికి వెళ్ళేదానిలా సర్దుకుంది. చేతిసంచిలో అంటించుకునే బొమ్మల కాగితాలు, ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే రంగు కప్పులు, క్రేయాన్లు, చిన్న చిన్న పొట్లాలుగా కట్టిన బిస్కెట్లు, మారు బట్టలు, విమానం లేచేటప్పుడు చెవులు దిబ్బడెయ్యకుండా తాగించడానికి పాలసీసా. అన్నీ ఒక్కసారే బయటికి తీయకూడదు. ఒకదానిమీద మోజు తీరాకే రెండోది తీయాలి. ఆమె లెక్క అది.

వీటన్నిటికంటే పెద్ద సాయం అక్క చేసింది. తిరుగు ప్రయాణానికి వరసలో మూడు సీట్లూ తనే కొనేసింది.

"ఎందుకక్కా దండగ! మాకు రెండు చాలు," అంది చిన్ని.

"పక్కన ఖాళీ ఉంటే పిల్లాడు హాయిగా కాళ్ళు చాపుకుంటాడు. నువ్వు నోరు మూసుకుని వెళ్ళు," అంది అక్క. "వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టు. కిటికీ పక్కన మాత్రం వద్దు. అద్దం దగ్గర చలి."

అక్క మాటకి చిన్ని ఏనాడూ ఎదురు చెప్పలేదు. అమ్మ పోయాక ఆమెకి తల దువ్వి బడికి పంపింది అక్కే. ఉరుములకి భయపడితే తన దుప్పట్లోకి లాక్కున్నదీ అక్కే. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షించే ఉద్యోగమైనా, మంచి మనిషితో పెళ్ళైనా, అంతా అక్క చలవేనని చిన్ని అందరికీ చెప్పుకునేది. అందుకే "పండుని తీసుకుని రావే, నా కొడుక్కి తోడుంటాడు" అని అక్క ఫోన్లో అడిగితే, భర్తకి సెలవు దొరక్కపోయినా పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళింది.

అక్క కొడుకు చంటికి ఐదేళ్ళు. వాడు మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. సరిగ్గా తినడు, నవ్వడు. రోజంతా తన గదిలో గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఏ డాక్టరూ ఏమీ తేల్చలేకపోయాడు. పండు మాత్రం ఆ గదిలోకి దూరితే ఓ పట్టాన బయటికి వచ్చేవాడు కాదు. మూసిన తలుపు వెనక నుంచి కిలకిలమని నవ్వులు. "చూశావా, నీ కొడుకు ఎంత కలుపుగోలుగా ఉంటాడో," అని అక్క కళ్ళు తుడుచుకునేది.

బయల్దేరే ముందు కూడా అక్క పండుని ఎత్తుకుని ఆ గది గుమ్మంలో నిలబడింది.

"పిలువు నాన్నా. 'రా, మా ఇంటికి రా' అని పిలువు."

"రా... మా ఇంటికి రా," అన్నాడు పండు చెయ్యి ఊపుతూ.

అక్క వాణ్ణి గట్టిగా ముద్దు పెట్టుకుంది. మళ్ళీ పిలిపించింది. మళ్ళీ ముద్దు పెట్టుకుంది. ఇంత ప్రేమ ఎవరికి దొరుకుతుంది అనుకుంది చిన్ని.

విమానం లేచింది. మిట్టమధ్యాహ్నపు ఎండ కిటికీల్లోంచి లోపలికి పడుతోంది. పండు పాలు తాగుతూ చెవులనొప్పి తెలియకుండానే మబ్బులు దాటేశాడు. చిన్ని బొమ్మల కాగితం తీసింది. వాడు దానివైపు చూడలేదు. కప్పులు తీసింది. వాటినీ ముట్టుకోలేదు. ఎడమవైపుకి తిరిగి, కిటికీ పక్కనున్న ఖాళీ సీటుకేసి చూసి నవ్వుతున్నాడు.

ముందు వరసలో ఎవరో పసిపిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. వెనక ఇంకో పిల్లాడు సీటుని కాళ్ళతో తంతున్నాడు. పండు మాత్రం బుద్ధిమంతుడిలా కూర్చుని తనలో తను కబుర్లు చెప్పుకుంటున్నాడు. నీళ్ళు ఇవ్వడానికి వచ్చిన ఎయిర్ హోస్టెస్ వాడి బుగ్గ గిల్లింది.

"ఎంత మంచి బాబమ్మా! ఇలాంటివాళ్ళు ఎప్పుడోగానీ తగలరు."

"దిష్టి పెట్టకండి," అని నవ్వింది చిన్ని. చాలారోజుల తర్వాత వేడి కాఫీ వేడిగా ఉండగానే తాగింది. కాళ్ళు బారజాపి కొడుకుని చూస్తూ కూర్చుంది.

చూస్తూ చూస్తూ ఉండగా కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆమె రోజూ చేసే పనే పిల్లల కళ్ళు చూడటం. దూరంగా చూసే కళ్ళు ఒకలా ఉంటాయి. ఊరికే శూన్యంలోకి చూసే కళ్ళు వదులుగా, ఎటూ ఆనకుండా ఉంటాయి. దగ్గరున్నదాన్ని చూసేటప్పుడు రెండు నల్లగుడ్లూ ముక్కు వైపుకి వాలతాయి. కంటిపాప చిన్నదవుతుంది. ఎవరూ నటించలేరు. రెండేళ్ళ పిల్లాడైతే అసలే నటించలేడు.

పండు నల్లగుడ్లు ముక్కు వైపుకి వాలి ఉన్నాయి.

వాడు చూస్తున్నది కిటికీని కాదు. జానెడు దూరంలో ఉన్న దేన్నో చూస్తున్నాడు. అది పక్కకి జరిగితే కళ్ళు కూడా దానితోపాటే జరుగుతున్నాయి. అది దగ్గరికొచ్చింది. నల్లగుడ్లు ఇంకా లోపలికి వాలాయి. ఇంకా... ఇంకా... వాడి ముక్కుకి ఆనేంత దగ్గరికి వచ్చి ఆగింది.

పండు పకపకా నవ్వి చేతులు చాచాడు. రెండు అరచేతులూ గాలిలోకి కొట్టాడు.

చప్పట్ల చప్పుడు వినిపించింది.

చిన్ని చెవులు రిక్కించింది. తను పొరబడ్డానేమో అనుకుంది. వాడు మళ్ళీ కొట్టాడు. వాడి చేతులు ఒకదానికొకటి తగలనేలేదు. అయినా ఎదురుగా ఇంకెవరి చేతులకో తగిలినట్టు మెత్తగా చప్పుడైంది... టప్... టప్... దాంతోపాటు ఓ వాసన. మూతపెట్టి చాలాకాలం మరిచిపోయిన పాలసీసా వాసన. ఆమె తన సంచిలో సీసా తీసి చూసింది. అది శుభ్రంగా ఉంది.

అంతలో ఎయిర్ హోస్టెస్ ఒక పొడుగాటి మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన సీటు విరిగిందట. కిటికీ పక్కన కాసేపు కూర్చోనిస్తారా అని అడిగింది. చిన్నికి ప్రాణం లేచొచ్చింది. "కూర్చోండి, కూర్చోండి," అంటూ పండుని ఎత్తుకుని దారి ఇచ్చింది.

ఆయన లోపలికి జరిగి కూర్చున్నాడు. పేపరు తీశాడు. ఒక్క పేజీ కూడా తిప్పలేదు, దిగ్గున లేచి బయటికి వచ్చేశాడు. మొహం పాలిపోయింది.

"ఏమైందండీ?" అంది చిన్ని.

"ఏం లేదమ్మా... నేను నా సీట్లోనే సర్దుకుంటాను." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నా ఒళ్ళోకి ఎవరో ఎక్కి కూర్చున్నారమ్మా. చిన్నపిల్లల బరువు."

ఆయన గబగబా వెళ్ళిపోయాడు.

చిన్ని ఆలోచించలేదు. పండుని తన సీట్లోకి మార్చి బెల్టు పెట్టింది. తను మధ్య సీట్లోకి జరిగింది. తల్లి అడ్డంగా ఉంటే ఏదీ వాడి దగ్గరికి రాలేదనుకుంది. మరుక్షణమే పండు కెవ్వుమని ఏడుపు అందుకున్నాడు. ఎప్పుడూ అలా ఏడవలేదు. బొమ్మలిస్తే విసిరేశాడు. బిస్కెట్ ఇస్తే ఆమె మొహాన ఊశాడు. చేతులు రెండూ ఆమె మీదుగా కిటికీ వైపు చాచి, పొర్లి పొర్లి ఏడుస్తున్నాడు. చుట్టూ అందరూ తలలు తిప్పి చూస్తున్నారు.

చిన్ని ఎడమ భుజం చల్లబడింది. ఎవరో ఒరిగి కూర్చున్నట్టు... తడిబట్ట తగిలినట్టు...

ఆమె అటు తిరగలేదు. తిరగలేకపోయింది.

చెవి పక్కనే ఊపిరి. సన్నటి పిల్ల గొంతు.

"పిన్నీ... కొంచెం జరుగు."

పిన్ని! ఆమెని పిన్ని అని పిలవాల్సినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడు మాట్లాడడు. ఇది చంటి గొంతు కాదు. చంటి పక్కనే ఉండి, వాడు పిలవాల్సిన పిలుపులన్నీ నేర్చేసుకున్న గొంతు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. పొద్దున అక్క పండు చేత గదిలోకి "రా" అని పిలిపించినప్పుడు చంటి ఆ గదిలో లేడు. ముందుగదిలో బావ ఒళ్ళో కూర్చుని ఉన్నాడు. గది ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది.

మూడో సీటు ఎవరికోసం కొన్నదో కూడా అప్పుడే అర్థమైంది.

చిన్ని లేచింది. పండు బెల్టు విప్పి గుండెకి హత్తుకుని వెనకవైపుకి పరుగులాంటి నడక నడిచింది. ఎక్కడికి వెళ్తుంది? ఆకాశంలో ఉన్న డబ్బాలో ఎక్కడని దాక్కుంటుంది? ఎయిర్ హోస్టెస్ ఎదురొచ్చి ఆపింది. "గాలి బాగాలేదమ్మా, కుదుపులొస్తాయి. వెంటనే కూర్చోవాలి." మాటల్లోనే నేల ఊగింది. మిగతా సీట్లన్నీ నిండి ఉన్నాయి. ఆ వరస తప్ప ఇంకెక్కడా చోటు లేదు.

తిరిగి వచ్చేసరికి పండు చేపపిల్లలా ఆమె చేతుల్లోంచి జారి మధ్య సీట్లో పడ్డాడు. ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆమె పక్కన కూలబడి వాడి బెల్టు కోసం తడుముతోంది. ఒక కొస దొరికింది. రెండోది దొరకలేదు...

విమానం ఒక్కసారిగా కిందికి పడింది.

కప్పులు, సంచి, కాఫీ గ్లాసు అన్నీ పైకి లేచాయి. ఎవరో అరిచారు. చిన్ని తలే ముందు సీటుకి కొట్టుకుంది. పండు మాత్రం కదల్లేదు. ఆ సీట్లోంచి వెంట్రుకవాసి కూడా లేవలేదు. వాడి చొక్కా పొట్ట దగ్గర ముడతలు పడి లోపలికి నొక్కుకుపోయి ఉంది. రెండు చేతులు చుట్టేసి పట్టుకున్నట్టు...

కుదుపు ఆగింది. పండు ఆమెవైపు చూడలేదు. కిటికీ వైపు తిరిగి, గాలిని రెండు చేతులా వాటేసుకుని, తల వాల్చాడు.

"అమ్మ," అన్నాడు తృప్తిగా.

ఆ తర్వాత దిగేవరకూ చిన్ని కొడుకు కాలు వదల్లేదు. ఆ కాలొక్కటే ఆమెకి మిగిలింది.

సామాన్లు వచ్చే హాల్లో ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక అక్క తీసింది. వెనక ఏదో సందడి, గిన్నెల చప్పుడు. ఒక పిల్లాడు గలగలా మాట్లాడుతున్నాడు. ఇంకో ముద్ద పెట్టమంటున్నాడు. చంటి!

"అక్కా." అంది చిన్ని. "నా కొడుకుతో ఏం పంపించావ్?"

తలుపు వేసుకున్న చప్పుడు. తర్వాత గుసగుసగా...

"వాడు అన్నం అడుగుతున్నాడే, చిన్నీ. నోరు తెరిచి అడుగుతున్నాడు."

"నేనేం అడిగాను, నువ్వేం చెప్తున్నావ్?"

"ఇంకో పసివాడు నోరారా పిలిస్తేనేగానీ అది చంటిని వదిలి కదలదు. నాకు ఇంకెవరున్నారే? పరాయివాళ్ళ పిల్లల్ని ఎలా అడగను?"

"పరాయివాళ్ళని అడగలేక నన్ను..." అంది చిన్ని. "అమ్మ తర్వాత అమ్మవనుకున్నాను అక్కా."

అక్క ఏడుస్తోంది. కానీ ఆ ఏడుపులో ఎక్కడో సంతోషం ఉంది. దాన్ని దాచుకోవడం కూడా ఆమెకి చేతకావడం లేదు.

"వాణ్ణి దానికి దూరంగా లాగకు. ఏడిపించకు. వాడు ఏడిస్తే దానికి కోపం. నేను మొదట్లో ఆ తప్పే చేశాను," అంది. ఆపైన చాలా మెల్లగా, "ఇంక ఇక్కడికి రాకు చిన్నీ. వాణ్ణి తీసుకుని ఎప్పుడూ ఈ గుమ్మం తొక్కకు," అని పెట్టేసింది.

మళ్ళీ చేస్తే ఫోన్ కట్టేసి ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అంతే.

బయట భర్త ఎదురుచూస్తున్నాడు. పండుని అందుకుని పైకి ఎగరేశాడు.

"ఏడిపించాడా?"

"లేదండీ," అంది చిన్ని. అబద్ధమే చెప్పింది. "అస్సలు ఏడవలేదు."

"బంగారుకొండ! ఏంట్రా ఆ గుప్పెట్లో? నాన్నకి చూపించవూ?"

పండు ముసిముసిగా నవ్వి కుడి గుప్పెట తెరిచాడు.

అరచేతిలో ఒక పాలపన్ను. తెల్లగా, మొదలు దగ్గర ఇంకా తడిగా ఉంది.

"అయ్యో, పడ్డాడా? నోరు చూడు, నోరు చూడు," అన్నాడు భర్త కంగారుగా. చిన్ని ఫోన్ లైటు వేసి వాడి నోరు తెరిచి చూసింది. పైవరస, కిందివరస. ముత్యాల్లా అన్నీ ఉన్నాయి. ఎక్కడా నెత్తురు లేదు.

"విమానంలో ఎక్కడో దొరికుంటుందిలే, ఛీ," అని భర్త దాన్ని దులిపేశాడు.

ఎడమ గుప్పెట మాత్రం పండు తెరవలేదు. చిన్ని వాడి వేళ్ళు విడదీయబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ గుప్పెటని చెవికి ఆనించుకుని, తల పక్కకి వాల్చి, కాసేపు విన్నాడు. తర్వాత తల్లి కళ్ళలోకి సూటిగా చూస్తూ నిదానంగా తల ఊపాడు.

"సరే," అన్నాడు.

ఆ మాట వాడికి ఇంకా ఎవరూ నేర్పలేదు.